మడవచేప కందనకాయ

పడవలో నలుగురు మనుషులుంటే అయిదో మనిషి చిన్నపోలయ్య నోరు. బతికున్న పీతను కులపెద్ద పోలేరయ్య తలపాగాలో దూర్చి, ఆయన గంతులేస్తుంటే “పూనకం వచ్చిందిరోయ్, యాపాకు తెండి!” అని కేకలేసింది వాడే. ఊరికి వచ్చిన కొత్తల్లుణ్ణి పడవలో తిప్పుతానని తీసుకుపోయి, పులికాటు సరస్సు మధ్యలో మోకాలిలోతు నీళ్లలో దించేసి “ఇంక నడిచి రా బావా” అన్నదీ వాడే. అలాంటివాడి మాటను ఊళ్లో ఎవరూ మూటకట్టి దాచుకోరు. కన్నతల్లి గురవమ్మ అసలే దాచుకోదు. అయినా ఆ సాయంత్రం వాడన్న మాట ఒకటి ఆమె చెవిలో దూరి, పీతకంటే గట్టిగా పట్టుకుంది.

గురవమ్మ అప్పుడు ఒడ్డున కత్తిపీట ముందేసుకుని మడవ చేపలు కోస్తోంది. పొలుసు గీకి, పొట్ట చీల్చి, వేలు లోపలికి పోనిచ్చి లాగితే పేగు మొత్తం ఒక్క పట్టున వస్తుంది. మడవ కడుపు కింది కొసన ఉసిరికాయంత గట్టి కండ ఒకటి ఉంటుంది. బురద తిని బతికే చేప, నమలడానికి పళ్లు లేవు పాపం. ఆ కండే దానికి తిరగలి. కోడికి ఉన్నట్టే ఉంటుంది కాబట్టి దాన్నీ కందనకాయ అనే అంటారు. మధ్యకు చీల్చి, లోపలి ఇసక కడిగి, పసుప్పచ్చ పొర ఒలిచి, ఉప్పు రాసి నిప్పుల మీద కాలిస్తే కూరంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. వల వేసినవాడికే మొదటిది. మొగుడు పోయినప్పటి నుంచి గురవమ్మ దాన్ని కొడుక్కే పెడుతోంది. కోడలు నాగులమ్మ కాపురానికి వచ్చి ఏళ్లయినా, దాన్ని కడిగే పని దొరికింది గాని కొరికే యోగం దొరకలేదు.

పడవ ఒడ్డుకు తగలగానే చిన్నపోలయ్య దూకి, అంచు పట్టుకుని వంగి, వాంతి చేసుకున్నాడు. ఇది కొత్త కాదు. కొన్నాళ్లుగా పొద్దు వాలేసరికి ఇదే వరస. ఒకసారి మొదలైతే చట్టి నిండేంత. నాగులమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి వీపు నిమిరింది. తర్వాత ఇసకలో పడినదాన్ని ఒంగి చూసింది.

“అత్తా, ఇది చూడు. గోరుచిక్కుళ్లు. మొన్న వండినవి. నిన్న మనం ఇవి వండిందే లేదు గదా. నమిలినవి నమిలినట్టే ఉండాయి.”

పడవలో వాళ్లకు వేడుకైంది.

“ఎన్నో నెల్రా చిన్నపోలా?” అన్నాడు ఒకడు.

చిన్నపోలయ్య నోరు తుడుచుకున్నాడు. కళ్లలో నీళ్లు ఇంకా ఆరలేదు, నోట్లో మాట మాత్రం తయారుగా ఉంది.

“నా పెళ్లాం మందు పెట్టింది మామా. నేను యాడికీ పోకుండా కొంగుకు కట్టేసుకుందామని. పిచ్చిది, కొలత తెలీక కొంచెం ఎక్కువేసింది!”

అందరూ పడీపడీ నవ్వారు. నాగులమ్మ కూడా నవ్వి తడి తువ్వాలుతో వాడి వీపు మీద ఒకటిచ్చింది. వాడు పొట్ట రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. సగం నిండిన కుండలో నీళ్లలా లోపల గుళగుళమంది. పిలకాయలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు వినడానికి వాళ్లు రోజూ వస్తారు.

నవ్వనిది గురవమ్మ ఒక్కతే. ఆమె వేలు చేప పొట్టలో ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది. మందంటే ఆ ఊళ్లో రోగం తగ్గించేది కాదు, మనిషిని తగిలించుకునేది. కూట్లో కలిపి పెడతారు. తిన్నవాడు పెట్టినదాని వెంట కుక్కపిల్లలా తిరుగుతాడు. వికటిస్తే ఎండిపోయి చస్తాడు. కొడుకు పెళ్లాం వెంట తిరుగుతున్నాడా? తిరుగుతున్నాడు. ఎండిపోతున్నాడా? ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదో గాని, వాడి నోటితో వాడే చెప్పాడు.

ఆ పూట కాల్చిన కందనకాయ చిన్నపోలయ్య ముట్టుకోలేదు. “దించే తావు లేదమ్మా” అన్నాడు. గురవమ్మ దాన్ని కోడలికి ఇవ్వలేదు. కుక్కకు వేసింది.

మర్నాడే చిట్టమూరుకు అవతల ఉన్న పల్లెకు బండి కట్టించింది. అక్కడ అంకాలమ్మ అనే ఒక ముసలామె మందు కక్కిస్తుంది. ఆమె వాకిట్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కక్కేవాళ్లు ఉంటారట. వ్యాపారం మంచిదే.

అంకాలమ్మ చిన్నపోలయ్యను గొంతుక్కూర్చోబెట్టి, నాలుక చూసి, పొట్ట మీద అరచెయ్యి పెట్టి కుదిపింది. గుళగుళమంది.

“వినపడిందా? అదే తిరగతా ఉండేది.”

“అది నిన్నటి గంజి, అవ్వా” అన్నాడు చిన్నపోలయ్య.

“నోరు ముయ్రా.” ఏదో ఆకు దంచిన పసరు గిన్నెడు తాగించింది. వాడికి పసరు దండగ, ఊరికే వంగమన్నా వచ్చేదే. చట్టి నిండా కక్కాడు. ముసలామె కొంగు సర్దుకుని, ఆ చట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపి, కలిపి, పైకి తీసింది. వేళ్ల మధ్య నల్లగా, జిగటగా, గోళీకాయంత ముద్ద. దాన్ని విప్పితే పొడుగాటి వెంట్రుక.

“ఆడమనిషి ఎంటిక” అంది అంకాలమ్మ.

“ఎవురన్నా మంగలోడు లోపలికి దూరినాడేమో చూడవ్వా” అన్నాడు చిన్నపోలయ్య రొప్పుతూనే.

గురవమ్మ దగ్గరికి పోయి, ఆ వెంట్రుకను వెలుతురులోకి పట్టి చూసింది. అనుమానపడటం వేరు, కళ్లతో చూడటం వేరు. కన్నకొడుకు కడుపులోంచి వెంట్రుక! ఇన్నేళ్లు తన పక్కన పడుకుని, తన తలలో పేలు చూసిన పిల్ల!

“ఇది సగమే” అంది అంకాలమ్మ చెయ్యి కడుక్కుంటూ. “తక్కింది కడుపు కింది కొసకు కరుచుకోని ఉండాది. పెట్టింది ఇంట్లో ఉన్నంతకాలం ఊడిరాదు. ఇంకో మాట. వీడు దాన్ని ఎనకేసుకోనొస్తాడు చూడు. ఎంత ఎనకేసుకోనొస్తే మందు అంత గట్టిదని తెలుసుకో.”

మందు కక్కించడం అటుంచి, ఆ ఒక్క మాటతో ముసలామె చిన్నపోలయ్య నోటికి తాళం వేసి, తాళంచెవి నీళ్లలోకి విసిరేసింది.

పోలేరయ్య ఇంటి ముందు పందిట్లో ఊరంతా కూడింది. నాగులమ్మ పందిరి గుంజ పక్కన నిలబడింది. ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు. మొగుడు ఆడుతున్న ఆటల్లో ఇదొకటేమో, చివర్లో అందరూ నవ్వుతారేమో అన్నట్టు ముఖాలు చూస్తోంది.

చిన్నపోలయ్య లేచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నవ్వకుండా మాట్లాడాడు.

“మామా, నవ్వులాటకు అన్నా. నా నోరు మీకు తెలవదా? దానికే పాపమూ తెలీదు. పోలేరమ్మ తోడు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. మిగతావాళ్లు పెదవులు చప్పరించారు.

“చూస్తిరా?” అన్నాడు పోలేరయ్య.

“ఏంది చూసేది? ఆమె బంగారం. నాకు కడుపునొప్పి వస్తే తెల్లారేదాకా కూచునే మనిషి. మీరందరూ ఒకపక్క, ఆమె ఒకపక్కా అంటే నేను ఆ పక్కే!”

“అయ్యో, ఎంత లోతుకు పోయిందో!” అని ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది.

వాడు అరిచేకొద్దీ జనం తలలు ఊపారు. వాడు ఏడ్చేకొద్దీ నాగులమ్మ వైపు చూసిన చూపులు గట్టిపడ్డాయి. నవ్వులాటకు అన్న మాటను నమ్మినవాళ్లు ఈరోజు నిజం చెపుతుంటే నమ్మరేమని వాడికి దిక్కు తోచలేదు. చివరికి కూర్చుండిపోయాడు.

అప్పుడు నాగులమ్మ నోరు తెరిచింది. “అత్తా, కూడు వండింది నేనే. ఆయన చట్టిలో మిగిలింది తిన్నదీ నేనే. మరి నాకేం కాలేదే?”

గురవమ్మ పోలేరయ్య వైపు తిరిగింది. ఆయన దగ్గర జవాబుంది. “పెట్టినోళ్లకు అది పట్టదమ్మా.”

పోలేరయ్య తీర్పు చెప్పాడు. వాడికి నయమయ్యేదాకా పిల్ల పుట్టింట్లో ఉండాలి. నయమైతే అప్పుడు చూద్దాం. పిల్లకు పుట్టింట్లో మిగిలింది తమ్ముడొక్కడే. పులికాటు అవతలి ఒడ్డున, శ్రీహరికోట వైపు పల్లెలో ఉన్నాడు. నాగులమ్మ గంపలో రెండు కోకలు పెట్టుకుంది. పడవ ఎక్కబోతూ అత్త ముందు ఆగింది.

“ఆస్పత్రికి తీసకపో అత్తా. లోపలికి పోయింది ముందుకు పోవడంలా. ఎనక్కొస్తా ఉండాది. అంతే నేను చూసింది.”

గురవమ్మ ఆమె ముఖం చూడలేదు. గంపకేసి చూసింది. కోడలు తన దువ్వెన మరిచిపోయిందేమోనని, వెంట్రుక ఒక్కటి కూడా ఇంట్లో మిగలకూడదని, వెనక్కి పోయి చూరు కింద వెతికింది.

ఆ తర్వాత పొయ్యి గురవమ్మ చేతికొచ్చింది. బియ్యం తనే కడిగింది, తనే వార్చింది, తనే పక్కన కూర్చుని ముద్దలు చేసి పెట్టింది. పక్కింటి పిల్లిని కూడా చట్టి దరిదాపులకు రానివ్వలేదు. మర్నాటి సాయంత్రం చిన్నపోలయ్య కక్కాడు. గురవమ్మ వంగి చూసింది. ములగాకు. నిన్న తన చేత్తో దూసి, తన చేత్తో వండిన ములగాకు. ఆకు ఆకుగా ఉంది.

ఆమె వేలితో ఒక ఆకును కదిపి చూసింది. తర్వాత లేచి, “అడుగున కరుచుకున్నది ఇంకా ఊడలా” అని తనకు తనే చెప్పుకుని ఇసక కప్పింది. కాని చెప్పిన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

చిన్నపోలయ్య మాట్లాడటం మానేశాడు. అదే అందరినీ భయపెట్టింది. పిలకాయలు వచ్చి “మామా, పొట్ట ఊపు” అంటే కళ్లు మూసుకున్నాడు. ఒక పొద్దున లేవబోయి పడిపోయాడు. చేతివేళ్లు కొంకర్లు పోయాయి. పలకలేదు. పోలేరయ్యే పరుగెత్తుకొచ్చి పడవ మీద వేయించి, సూళ్లూరుపేట చేర్చి, అక్కడి నుంచి రైల్లో నెల్లూరికి తీసుకుపోయాడు. దారిపొడవునా గురవమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, ముందూ వెనకా ఊగుతూ కూర్చుంది.

ఆస్పత్రిలో ఎలిశబెతు అనే నర్సమ్మ వాడి ముక్కులోంచి రబ్బరు గొట్టం దించింది. బకెట్టు కింద పెట్టింది. అది నిండుతుంటే గురవమ్మ గుడ్లప్పగించి చూసింది. వారంగా తను పెట్టినవన్నీ ఒకదాని వెంట ఒకటి, పిలిస్తే పలికినట్టు వచ్చాయి.

పెద్ద డాక్టరు వచ్చి, పొట్ట రెండు పక్కలా పట్టుకుని కుదిపి, చెవి ఆనించి విన్నాడు. పిలకాయలు విన్న చప్పుడే. ఆయన చప్పట్లు కొట్టలేదు.

“ఇన్నాళ్లు ఏం చేస్తున్నారమ్మా? కడుపు కింది వాకిలి మూసుకుపోయింది. ముందు నాలుగు రోజులు సెలైను ఎక్కించి ప్రాణం నిలబెట్టాలి. తర్వాత కోసి ఆ ముక్క తీసెయ్యాలి.”

గురవమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. “కోయండయ్యా. అడుగున మందు కరుచుకోని ఉండాది. తీసినాక నాకొకతూరి చూపించండి. నా కళ్లతో చూస్తే గాని నాకు నిద్ర పట్టదు.”

డాక్టరు నర్సమ్మ వైపు చూశాడు. ఈ కథ ఆయన చాలాసార్లు విన్నట్టుంది. “చూపిస్తాలే” అన్నాడు.

ఆపరేషన్ రోజు గురవమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఎలిశబెతు వచ్చి పిలిచింది. “నీ కొడుకు బతికాడు. రా, డాక్టరుగారు పిలుస్తున్నారు.”

బల్ల మీద తెల్లటి పళ్లెం. పళ్లెంలో ఒక ముక్క. గురవమ్మ ఊపిరి బిగబట్టి దగ్గరికి వెళ్లింది. నల్లటి ముద్ద కోసం, వెంట్రుకల కోసం చూసింది. ఏదీ కనిపించలేదు. కనిపించింది చూసి నోరు తెరిచింది.

“ఇది కందనకాయ గదయ్యా!”

అలసిపోయి ఉన్న డాక్టరుకు నవ్వొచ్చింది. “మడవచేపదా? ఆ మాట నిజమే. మనకంత గట్టిగా ఉండదు గాని, పని అదే. కడుపు పైభాగం ఉత్త సంచి, పోసింది పట్టుకుంటుంది. కింది భాగం రోలు. తిన్నదాన్ని మెత్తగా నూరుతుంది. ఆ రోలు కొసన ఇదిగో, ఉంగరంలా, ఇది వాకిలి. మెత్తగా నలిగింది గుక్కెడు గుక్కెడు పేగులోకి వదులుతుంది. నలగనిదాన్ని మళ్లీ రోట్లోకి తోస్తుంది.” ఆయన చీపురుపుల్లంత సన్నటి ఇనుప పుల్ల తీసుకుని ఆ ఉంగరంలో పెట్టాడు. దూరలేదు. “చూశావా? మెతుకు ఎట్లా పోతుంది? పోయే దారి లేక, వచ్చిన దారినే వచ్చింది.”

“మందేదయ్యా?”

“నువ్వే చూసుకో.”

నర్సమ్మ వద్దనేలోపలే గురవమ్మ చెయ్యి పళ్లెంలోకి పోయింది. అది ఆమె చెయ్యి కాదు, ఏళ్ల తరబడి చేపలు కోసిన చెయ్యి. దానికి తెలుసు ఏం చేయాలో. బొటనవేలు లోపలికి పోనిచ్చి తిరగేసింది. గోటితో గీకింది. మడతలు విప్పింది. ఇసక లేదు, ముద్ద లేదు, వెంట్రుక లేదు. ఎర్రటి కండ, ఆ వాకిలి దగ్గర మాత్రం తెల్లగా, తాడులా బిగుసుకున్న మచ్చ.

“అది పుండు మానిన మచ్చ” అన్నాడు డాక్టరు. “మానడం, రేగడం, మళ్లీ మానడం. మానినప్పుడల్లా వాకిలి కాస్త బిగుసుకుంటూ వచ్చింది. ఇది నిన్న మొన్నటిది కాదు. పెళ్లి కాకముందు నుంచే ఉండుంటుంది. కుర్రతనంలో కడుపు మంటని ఎప్పుడన్నా అన్నాడా?”

గురవమ్మ చెయ్యి పళ్లెంలోనే ఉంది. మీసాలు మొలిచే వయసులో వాడు పడవ అంచుకు పొట్ట నొక్కిపెట్టి బోర్లా పడుకునేవాడు. మడిచిన వల పొట్ట కింద పెట్టుకుని మెలికలు తిరిగేవాడు. పడవలోవాళ్లు ఏందిరా అంటే “సముద్రపు తాబేల్ని మామా, ఇసకలో గుడ్లు పెడతా ఉండా” అని తాబేలు నడక నడిచి చూపించేవాడు. తను నవ్వేది. ఊరంతా నవ్వేది. నాగులమ్మ అప్పటికి ఎవరో కూడా తెలియదు.

వాడు నొప్పిని చూపిస్తే ఆటనుకుంది. ఆటకు అన్న మాట నిజమనుకుంది.

“మరి ఆ ఎంటిక?” అంది గురవమ్మ, ఎవరితోనో తెలియకుండా.

“ఏ వెంట్రుక?” అన్నాడు డాక్టరు.

చట్టిలో చెయ్యి పెట్టేముందు అంకాలమ్మ కొంగు సర్దుకోవడం ఆమె కళ్లముందు ఆడింది. ఎలిశబెతు చేతులు కడగమని నీళ్లు పోస్తే, నీళ్లయిపోయినా రుద్దుకుంటూనే ఉంది.

కొడుకు ఒక మాదిరిగా తేరుకుని, గుక్కెడు గుక్కెడు గంజి తాగి నిలుపుకుంటున్నాడనగా, పోలేరయ్యను మంచం దగ్గర కూర్చోబెట్టి గురవమ్మ బయల్దేరింది. చిన్నపోలయ్య ఎక్కడికని అడగలేదు. “పోతే ఉత్త చేతుల్తో పోబాక” అన్నాడు, అంతే.

అవతలి ఒడ్డు పల్లెలో నాగులమ్మ ఇసకలో ఎండు చేపలు తిరగేస్తోంది. అత్త పడవ దిగడం చూసింది. లేవలేదు. చేతిలో చేపను తిప్పి, దాని పక్కదాన్నీ తిప్పింది.

“బతికుండాడా?” అంది.

“బతికుండాడు.”

నాగులమ్మ తల దించుకుంది. భుజాలు ఒకసారి పైకి లేచి కిందికి దిగాయి. తర్వాత ఇంకో చేపను తిప్పింది.

గురవమ్మ గంప దించి, తెచ్చిన మడవ చేపలు తీసింది. అడక్కుండానే తమ్ముడి ఇంటి కత్తిపీట తెచ్చుకుని కూర్చుంది. పొలుసు గీకింది. పొట్ట చీల్చింది. కందనకాయ చేతికి తగలగానే ఆగింది. కాసేపటికి చీల్చి, కడిగి, ఉప్పు రాసి పొయ్యిలో నిప్పుల మీద వేసింది. కోస్తున్నంతసేపూ చూసిందంతా చెప్పింది. రోలు, ఉంగరం, దూరని పుల్ల, తెల్లటి మచ్చ. చెప్పాల్సిన ఇంకో మాట గొంతులోనే తిరిగి, ముందుకు పోలేదు.

“పందిట్లో చెప్తా” అంది చివరికి. “ఊరందరి ముందూ చెప్తా. నీ తప్పేం లేదని.”

నాగులమ్మ మొదటిసారి అత్త ముఖంలోకి చూసింది. “నువ్వు నన్ను ఎనకేసుకోనొస్తే ఏమంటారో తెలుసునా అత్తా?”

“ఏమంటారు?”

“నీకు కూడా పెట్టినా అంటారు.”

గురవమ్మ పుల్లతో నిప్పులు ఎగదోసింది. నిప్పుల మీద కందనకాయ చిటపటమంది. ఆ మాట ఊరందరికీ నేర్పింది తనే. ఇప్పుడు దాన్ని పట్టుకుని వెనక్కి లాగాలంటే చెయ్యి అందడం లేదు.

“అననీ” అంది గురవమ్మ. “అనేవాళ్ల ముందరే నీ చేత్తో కలిపి పెట్టమ్మే. ముద్ద ముద్దా నేను తింటా. పోలేరయ్యకు కూడా పెడుదువు, తింటాడో పారిపోతాడో చూద్దాం.”

నాగులమ్మ పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వో కాదో చెప్పడం కష్టం. పొయ్యిలోంచి కందనకాయ తీసి, ఊది, బూడిద దులిపి, రెండుగా చీల్చింది. ఒక సగాన్ని అత్త నోటి దగ్గరికి చాపింది.

గురవమ్మ నోరు ఒక్క క్షణం తెరుచుకోలేదు.

ఒక్క క్షణమే. కాని అది నాగులమ్మ చూసింది. చూసిందని గురవమ్మకూ తెలిసింది. అయినా నాగులమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అక్కడే ఉంచింది.

గురవమ్మ కళ్లు మూసుకుని నోరు తెరిచింది. నమిలింది. కళ్లవెంట నీళ్లు కారుతుంటే, పళ్లకింద కరకరమంటుంటే, నమిలి నమిలి మింగింది.

“ఇసక సరిగ్గా కడగలా నువ్వు” అంది నాగులమ్మ, రెండో సగం తన నోట్లో వేసుకుంటూ.